నేనూ నవ్వాను

పదకొండున్నర దాటింది. చిన్నది వాళ్ళ అత్త పక్కన ముడుచుకుని పడుకుంది. ఈయనకి ఇంకా ఆఫీసు కాల్ అవలేదు. నాకేమో నిద్ర రావడం లేదు. సాయంత్రం గుమ్మంలో జరిగింది రెండే రెండు నిమిషాల సంగతి, పంటి సందులో పీచులా ఇరుక్కుపోయింది.

తాంతిన్ వచ్చింది. మా కింద ఇంటావిడ, ఇక్కడి తెలుగావిడే. ఈ మారిషస్‌లో పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు, మనం పిన్నీ, అత్తా అన్నట్టు. చలికి శాలువా కప్పుకుని, చేతిలో ప్లేటు నిండా వేడి వేడి గాతో పిమా, మిరపకాయలు వేసిన పప్పు వడలు. "అమ్మోరు పండగ, దిమాన్స్. తూ దిమూన్ వినీ" అంది. ఆదివారం అందరూ రమ్మని. ఆ మాట కోసమే వచ్చింది పాపం, మెట్లు ఎక్కడానికి మోకాళ్ళు సహకరించకపోయినా. తలుపు వేశానో లేదో వదిన నవ్వేసింది. "అమ్మోరేంటే? అమ్మవారు అనడం కూడా రాదు! వీళ్ళా తెలుగువాళ్ళు?" అని.

నేనూ నవ్వాను.

పొద్దున్న ఇదే వదిన కాత్ర్ బోర్న్ బజారులో, కూరగాయల దగ్గర వంద రూపాయల నోటు పట్టుకుని నన్ను నిలబెట్టేసింది. దాని మీద ఇంగ్లీషు, తమిళం, హిందీ ఉన్నాయి. "మన తెలుగెందుకు వేయలేదే?" అని నన్ను నిలదీసినట్టే అడిగింది. 1998లో కొత్త నోట్ల మీద తమిళానికి పైన హిందీ అచ్చేస్తే తమిళులు ఎంత గొడవ చేశారో, చివరికి ఆ నోట్లను ఎలా వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందో చెప్పాను. "చూశావా, పట్టుదలంటే అలా ఉండాలి" అని తెగ మెచ్చుకుంది. పొద్దున్న నోటు మీద తెలుగు లేదని బాధపడిన మనిషి, సాయంత్రం ఒక ముసలావిడ నోట్లో తెలుగు ఉంటే నవ్వింది. అందుకే నాకంత ఒళ్ళు మండింది.

అసలు వదినది కాకినాడ. వాళ్ళకి కోరంగి పక్కనే. మడ అడవులు చూడ్డానికి పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళిందో. ఆ రేవులో ఓడలెక్కి వచ్చారనే ఈ మారిషస్‌లో తెలుగువాళ్ళకి కోరంగివాళ్ళని పేరు పడింది. మొన్న పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కి, అప్పట్లో వలస కూలీలు దిగిన రేవుకి, తీసుకెళ్ళాను. చెరకు తోటల్లో పని కోసం 1834 నుంచి 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మందిని మన దేశం నుంచి తెచ్చారు. చాలామంది ఎక్కి వచ్చింది అక్కడి రాతి మెట్లే. వదిన వాటి దగ్గర నిలబడి నాలుగు ఫోటోలు దిగింది. ఆ మెట్లెక్కిన వాళ్ళు అమ్మవారు అని ఉంటారా? మా నాయనమ్మ చచ్చేదాకా అమ్మోరనే అంది. వదిన వాళ్ళ నాయనమ్మ కూడా అనే ఉంటుంది. మనం బడికెళ్ళి, నలుగురిలో నామోషీ అని వదిలేసిన మాట అది. తాంతిన్‌కి ఆ నామోషీ నేర్పడానికి అక్కడ ఎవరూ లేరు, అంతే.

ఇదంతా వదినతో అనాల్సింది. అనకుండా పళ్ళు బయటపెట్టాను.

మేం వచ్చిన మొదటి ఏడాది గుర్తొస్తోంది. తాంతిన్ వాళ్ళింట్లో రామభజనం. మధ్యలో పెద్ద దీపం, చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. తాళాలు, మృదంగం. ఫ్యాక్టరీ యూనిఫాం మీదే వచ్చేసిన ఒకాయన కళ్ళు మూసుకుని గోవిందా అంటుంటే నాకు దుఃఖం పొంగుకొచ్చింది, ఊరు వదిలాక అంత దగ్గరగా ఎవరూ అనిపించలేదు. పాట అయ్యాక వెళ్ళి "ఎంత బాగా పాడారండీ" అన్నాను. ఆయన నవ్వి, ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో ఏదో అన్నాడు. అర్థం కాలేదాయనకి. తాంతిన్ తన పాటల నోటుబుక్కు చూపించింది. తెలుగు పాటలన్నీ ఫ్రెంచి స్పెల్లింగులో ఉన్నాయి. ఇక్కడ ఉగాదిని కూడా అలాగే ఓ, యు పెట్టి రాస్తారు లెండి, క్యాలెండర్‌లో, సెలవుల జాబితాలో. ఆ పుస్తకంలో కొన్ని మాటలు ఎంత కూడబలుక్కున్నా నాకు అందలేదు. పాడి పాడి అరిగిపోయాయి. ఎవరి నోట్లో అరిగాయో, ఏ తరంలో అరిగాయో. ఆ రాత్రి ఇంటికొచ్చి ఈయనతో ఏమన్నానో తెలుసా? "అర్థం తెలియకుండా పాడితే ఏం మిగిలినట్టండీ?" అన్నాను.

వదిన అన్నదీ అదే కదా. నేను కాస్త మర్యాదగా అన్నాను. ఇందాకటి నుంచి ఆవిడ మీద కోపం అని రాస్తున్నాను గానీ, ఆవిడ వచ్చి పది రోజులు. నేనొచ్చి ఆరేళ్ళు.

మా చిన్నదానికి అన్నీ అర్థమవుతాయి. చక్కగా మాట్లాడుతుంది. పూర్తిగా వచ్చిన తెలుగు పాట మాత్రం ఒక్కటీ లేదు. తాంతిన్ మనవడికి మాట్లాడ్డం రాదు, కానీ బడిలో తెలుగు తీసుకున్నాడు, గుండ్రంగా రాస్తాడు, భజనంలో తాతతో గొంతు కలుపుతాడు. ఏది మిగలడం?

చిన్నదాని బడి కాగితం ఫ్రిజ్ మీద ఉంది, వచ్చే ఏడాది ఒకటో తరగతికి. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, చైనీస్, అరబిక్, క్రియోల్. ఒకదానికి టిక్కు పెట్టాలి. ఇంట్లో మాట్లాడుతుందిగా, తెలుగెందుకని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇందాక కోపంలో తెలుగుకే పెట్టేద్దామని పెన్ను తీశాను. చిన్నది చూసి "నాకు క్రియోల్ కావాలి, నా ఫ్రెండ్సంతా అదే" అంది. కసిరాను. దేశమంతా మాట్లాడే భాష, ఇంకా నేర్చుకోవడమెందుకన్నాను. కసిరాక తట్టింది, ఆ దేశమంతా మాట్లాడే భాషని 2012 దాకా బడిలో చెప్పలేదు. బానిసలుగా తెచ్చిన వాళ్ళ నోళ్ళలో పుట్టిన భాష. వాళ్ళకి తిరిగి చూసుకోవడానికి కోరంగి లాంటి ఊరి పేరైనా మిగల్చలేదు. మన భాష నిలవాలని ఇంత ఆరాటపడుతున్న నేను, దాని గురించి ఎంత తేలిగ్గా మాట్లాడాను! తాంతిన్ నన్ను పిలిచిందీ ఆ భాషలోనే. అమ్మోరు పండగకి పిలిచింది.

గడులు ఖాళీగానే ఉన్నాయి. ఈ రాత్రికి నావల్ల కాదు. శుక్రవారం దాకా టైముంది.

ప్లేటు కడిగి పెట్టాను. ఖాళీది తిరిగి ఇవ్వకూడదు కదా, వదిన తెచ్చిన గొట్టం కాజాలు ఎనిమిది సర్దాను. పొద్దున్నే వదినని లేపి, ఆవిడ చేతికే ఇచ్చి, ఇద్దరం కిందికి వెళ్తాం. ఆదివారం ఎన్నింటికి రావాలో అడగాలి.