బేసిన్‌ని ఎదురుగోడకి మార్చాం: బాత్రూమ్ పనిలో నా అనుభవం

మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ప్రొద్దుటూరులో ఒంటరిగా ఉంచలేక బెంగళూరు తీసుకొచ్చేశాం. మారతహళ్ళి దగ్గర మా ఫ్లాట్‌లో ఆవిడ గదికి ఉన్న బాత్రూమ్ చిన్నది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, తెరిచిన చోటే వాష్‌బేసిన్. వాకర్ పట్టుకుని లోపలికి వెళ్ళాలంటే ఆవిడ పక్కకి ఒదిగి, బేసిన్ అంచు పట్టుకుని తిరగాలి. తడి నేల మీద ఆ తిరగడం చూస్తే నాకు గుండె దడ. బేసిన్‌ని ఎదురుగోడకి మార్చేద్దామని అప్పుడే నిశ్చయించుకున్నాం.

అడిగిన ప్లంబర్లందరూ మొదట కుళాయి గురించే మాట్లాడారు. వేడినీళ్ళ లైను ఎటు, చన్నీళ్ళ లైను ఎటు అని. చివరికి ఒప్పుకున్న ప్లంబర్ మాత్రం వచ్చీ రాగానే నేల మీద కూర్చుని తూము జాలీ పైకెత్తి టార్చి వేసి చూశాడు. ఆయనది ఒడిశాలోని కేంద్రపారా. ఆ జిల్లా ప్లంబర్లు దేశమంతటా పనిచేస్తున్నారు, అక్కడి పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. "మేడమ్, నీళ్ళు తెచ్చేది ఎటునుంచైనా తెస్తా. పోయేది ఎలా పోతుందో ముందు చూడాలి" అన్నాడు హిందీలో. కుళాయిలో నీళ్ళు ప్రెషర్ మీద వస్తాయి కాబట్టి పైపు పైకెక్కినా దిగినా ఇబ్బంది లేదు. బేసిన్ నుంచి పోయే నీళ్ళు వాటాన్ని, అంటే పైపు ఏటవాలుని బట్టే పోతాయి. పని మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

చిన్న వేస్ట్ పైపుకి అడుగుకి పావు అంగుళం వాటం ఉండాలి. కొత్త గోడ నుంచి నహానీ ట్రాప్ (తూము జాలీ కింద నీళ్ళు నిలిచే గిన్నె) దాకా ఐదడుగులు, అంటే అంగుళంపావు దిగాలి. పైపుని గోడలోనే అడ్డంగా తీసుకెళ్తే నేల పగలగొట్టే పని తప్పుతుంది కదా అని మావారు అడిగారు. మా గోడ ఆరంగుళాల సాలిడ్ బ్లాకు. గోడలో నిలువుగా గాడి కొడితే మందంలో మూడోవంతు దాటకూడదు, అడ్డంగా అయితే ఆరోవంతే. ఆరోవంతంటే ఒక్క అంగుళం. నలభై ఎంఎం పైపు అందులో పట్టదు. అందుకని గోడలో నిలువుగా దింపి, నేల కిందనుంచి ట్రాప్‌కి కలపడమే దారి. మూలన ఉన్న కాంక్రీట్ పిల్లర్ జోలికి మాత్రం ఎవరూ పోకూడదని ముందే చాక్‌పీస్‌తో గీత గీసి పెట్టాను. ఇప్పుడొస్తున్న అపార్ట్‌మెంట్లు చాలావాటిలో గోడలన్నీ కాంక్రీట్‌తో పోసినవే ఉంటున్నాయి, వాటిలో గాడి కొట్టడమే కుదరదు. మీది ఏ గోడో తెలుసుకోకుండా పని ఒప్పుకునేవాళ్ళని నమ్మకండి.

అసోసియేషన్‌కి లెటర్ ఇవ్వడం, డిపాజిట్ కట్టడం మామూలే. కట్టడం భద్రతకి ముప్పు తెచ్చే పని ఏ ఫ్లాట్ యజమానీ చేయకూడదని కర్ణాటక అపార్ట్‌మెంట్ చట్టం 1972 లోనే చెప్పింది కాబట్టి పిల్లర్ ముట్టుకోవట్లేదని లెటర్‌లో రాసిచ్చాం. దానికంటే ముఖ్యం, కింది ఫ్లాట్ అంకుల్‌ని కలవడం. ఆయన మైసూరు వైపు వారు, బ్యాంకులో రిటైరయ్యారు. మాకు చెప్పకుండా మొదలుపెట్టారన్న మాట రాకూడదని నేనే వెళ్ళాను. ఆయన తన బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ మూత తెరిచి చూపించారు. మా తూము ఉండే చోటికి సరిగ్గా కింద పసుపుపచ్చ మరక. ఎన్నాళ్ళుగానో ఉందట, మొహమాటానికి చెప్పలేదట.

నేల తవ్విన రోజు ఆ మరక సంగతి తేలింది. మా బాత్రూమ్ సంకెన్ స్లాబు, అంటే నేలని గుంటగా పోసి, పైపులు పరిచి, ఇటుక ముక్కలూ సిండరూ (బొగ్గు కాలాక మిగిలే చిట్టెం) నింపి, పైన టైల్స్ వేసినది. టైల్స్ పట్టీ లేపి చేత్తో తీస్తే సిండర్ నల్లగా, ముద్దగా తడిసి ఉంది. పాత బేసిన్ పైపు నహానీ ట్రాప్ పక్క రంధ్రంలోకి వెళ్ళే చోట పైపులు అతికించే సొల్యూషన్ లేదు, రబ్బరు రింగు లేదు, సిమెంటు మెత్తి వదిలేశారు. వేలితో కదిపితే పైపు ఆడుతోంది. కట్టినవాళ్ళు ఇల్లు అప్పజెప్పిన నాటినుంచీ అక్కడ చుక్క చుక్క దిగుతూనే ఉందన్నమాట. పని ఆపి, తడి సిండర్ తీయించి, ఆరేదాకా ఫ్యాన్ పెట్టించాను. ఆలస్యమవుతుందని టైల్స్ మేస్త్రీ అన్నా, తడి మీద కోటింగ్ వేస్తే అతుక్కోదని ఆయనకీ తెలుసు.

కొత్త పైపు పరిచేటప్పుడు మేస్త్రీయే లెవల్ ట్యూబ్ (మట్టం చూసే నీళ్ళ గొట్టం) పట్టుకుని కూర్చున్నాడు. మదనపల్లె మనిషి. "వాటం తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి, సబ్బు గడ్డకడుతుంది అక్కా. పైపు కింద ఉత్త మట్టి పోస్తే రేపు కుంగుతుంది, పైపు మధ్యలో పల్లం పడుతుంది" అని పైపు పొడవునా సిమెంటు మాల్ పరిచి కూర్చోబెట్టాడు. పాత పైపు వచ్చిన రంధ్రానికి ఎండ్ క్యాప్ వేయించాం. వదిలేస్తే వాసనా, బొద్దింకలూ అక్కడినుంచే వస్తాయి.

నీళ్ళ లైను తేలిగ్గా అయిపోయింది. వేడినీళ్ళు తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపుల్ని గీజర్ దగ్గరనుంచి ఫాల్స్ సీలింగ్ మీదుగా తిప్పి, కొత్త గోడలో నిలువుగా దింపారు. ఎదురుగా నిలబడితే ఎడమవైపు వేడి, కుడివైపు చల్లన. చివర్లలో ఇత్తడి మరలున్న ఎల్బోలే (వంపు జాయింట్లు) పెట్టించండి, ప్లాస్టిక్ మరలు యాంగిల్ కాక్ (బేసిన్ కింద గోడకి ఉండే చిన్న కుళాయి) బిగించేటప్పుడు పగులుతాయి. సిద్ధయ్య రోడ్డులో ఇవన్నీ ఒకేచోట దొరికాయి.

గాడి పూడ్చేముందు ప్రెషర్ టెస్ట్ చేయనిదే సిమెంటు పెట్టనివ్వలేదు. అతుకులు ఒక రాత్రి ఆరాక, చివర్లకి డమ్మీ ప్లగ్గులు బిగించి, గీజర్‌ని విడదీసి, చేతిపంపుతో చదరపు సెంటీమీటరుకి పది కేజీల ప్రెషర్ ఎక్కించారు. గంటసేపు పంపు మీది ప్రెషర్ మీటరు ముల్లు కదలకూడదు. మా ముల్లు మెల్లగా జారింది. ప్లంబర్ ఒక్కో అతుకు మీదా పొడి టిష్యూ కాగితం అద్దుకుంటూ పోయాడు. ఒక డమ్మీ ప్లగ్గు దగ్గర కాగితం తడిసింది, అతుకులన్నీ బాగానే ఉన్నాయి. టెఫ్లాన్ టేపు మళ్ళీ చుట్టి బిగించాక గంటకీ ముల్లు ఉన్నచోటే ఉంది.

తవ్విన పట్టీ పూడ్చాక పాలిమర్ కోటింగ్ రెండు పూతలు, గోడా నేలా కలిసే మూలల్లో గుండ్రంగా మలిచి, పాత పూత మీదికి అర అడుగు ఎక్కేలా వేశారు. అది ఆరాక తూము మూసి, గడప దగ్గర చిన్న కట్ట కట్టి, నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీసి 48 గంటలు వదిలేశాం. కింది అంకుల్ పొద్దునా సాయంత్రం మూత తెరిచి ఫోటో పంపేవారు. ఎక్కడా చెమ్మ లేదు. ఆ తర్వాతే టైల్స్.

బేసిన్ ఎత్తు మాత్రం అత్తయ్యనే నిలబెట్టి నిర్ణయించాం. వాకర్ పట్టుకుని నిలబడి ఆవిడ చేతులు ముందుకి చాపితే మోచెయ్యి వంగిన చోట గీత గీశాం, 32 అంగుళాలు వచ్చింది. కింద స్టాండు లేని బేసిన్ తీసుకున్నాం, వాకర్ ముందు కాళ్ళు దాని కిందకి దూరతాయి. పాత బేసిన్ ఉన్న గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించాం. ఆ టైల్స్ డిజైన్ ఇప్పుడు దొరకట్లేదు, అతికించిన ముక్కల రంగు తేడా తెలుస్తూనే ఉంది.

పూడ్చకముందు ప్రతి పైపు పక్కనా కొలత టేపు పెట్టి ఫోటోలు తీశాను. మూల నుంచి ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు అన్నది అందులో కనిపిస్తుంది. వాటిని అచ్చు వేయించి గీజర్ స్విచ్ పక్కనున్న అల్మారా తలుపు లోపల అంటించాను. రేపు అద్దం కోసం మేకు కొట్టాలన్నా ఎవరైనా ముందు అది చూడాలి.