ఒక్క ప్రతి మధ్యమం

గురువారం, రాత్రి 10:40

ఇవాళ పప్పు మాడింది. పొయ్యి పక్కన ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని ఒకటే స్వరం పట్టుకుని నిలబడితే విజిల్స్ ఎవరు లెక్కపెడతారు?

డిసెంబర్ కచేరీకి మా క్వయర్ (బృందగానం పాడే గుంపు) మోర్టెన్ లారిడ్‌సెన్ అనే స్వరకర్త కట్టిన ‘ఓ మాగ్నుమ్ మిస్టీరియుమ్’ పాడుతోంది. 1994లో ఇక్కడి లాస్ ఏంజెలెస్ మాస్టర్ కొరాల్ అనే గాయక బృందం కోసం రాసిన పాట. మాటలు మాత్రం క్రిస్మస్ ప్రార్థనల్లోని పాత లాటిన్‌వి: గడ్డి తొట్టిలో పడుకున్న ప్రభువుని పశువులు కళ్లారా చూశాయి కదా, ఎంత వింత అని. వాద్యాలేవీ ఉండవు. ఆడవాళ్ల హెచ్చు గొంతు సొప్రానో, తగ్గు గొంతు ఆల్టో (నేనిందులోనే), మగవాళ్లలో అలాగే టెనర్, బేస్, అంతే. శ్రుతి డీ మేజర్. డీ స్వరాన్ని షడ్జమం, అంటే ‘స’ అనుకుంటే నా చెవికి అచ్చం శంకరాభరణ రాగమే.

మామూలుగా ఆల్టోల బతుకు సొప్రానోలు తిన్నాక మిగిలిన పులుసు లాంటిది. ఈ పాటలో మాత్రం ‘వీర్గో’ అని మరియమ్మ పేరెత్తే చోట మాకు జీ షార్ప్ వస్తుంది. అంటే ప్రతి మధ్యమం, ‘మ’ల్లో పైది. శంకరాభరణంలో అన్యస్వరం. పాట మొత్తంలో బయటి స్వరం అదొక్కటేనని లారిడ్‌సెనే రాశాడు. కొడుకుని సిలువ మీద చూడబోయే తల్లి బాధని ఎలా వినిపించాలా అని రకరకాలుగా ప్రయత్నించి, చివరికి ఒక్క స్వరంలో పెట్టాడట. ఈ పాటకి ఆయన్ని కదిలించిన బొమ్మ, జుర్బరాన్ అనే చిత్రకారుడిది, పాసడీనాలో నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉంది, 1633 నాటిది. పోయిన నెల వెళ్లి చూశాను. నిమ్మపళ్లు, నారింజలు, నీళ్ల కప్పు పక్కన ఒక గులాబీ, వెనకంతా చీకటి. బొమ్మ ముందు నుంచున్న పావుగంటా ఫోన్ తీయబుద్ధి కాలేదు.

సరే, నా గొడవ వేరు. చిన్నప్పుడు పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్న గొంతు కదా, ప్రతి మధ్యమం కనబడగానే కల్యాణి రాగంలోలా దాన్ని పంచమం వైపు ఊపేస్తుంది. ఇక్కడ ఆ ఊపు, గమకం, కుదరదు. గీత గీసినట్టు నిలబడాలి. ఊపు తగ్గిద్దామని చూస్తే స్వరం కిందికి జారి శుద్ధ మధ్యమం, అంటే కింది ‘మ’ మీద కూర్చుంటోంది. పొద్దున ఫోన్‌లో అమ్మ అడిగింది, “ఏమిటే, ఒక్క మధ్యమమే పట్టుకుని మూలుగుతున్నావు? ఒంట్లో బాగాలేదా?” అని.

సాయంత్రం రిహార్సల్‌లో మూడోసారికి నిలబడింది. కండక్టర్ ఏమీ అనలేదు. మా దగ్గర అదే మెప్పు.

ఇలాంటి చోట జాగ్రత్త అని గుర్తుండడానికి అందరూ నోట్ మీద పెన్సిల్‌తో కళ్లజోడు గీసుకుంటారు. నేను ‘మ’ అని తెలుగులో రాసుకున్నాను. పక్కన కూర్చునే డెబ్బై ఏళ్ల ఆవిడ తొంగి చూసి, అదేమిటని అడిగి, తన కాగితం మీద కూడా బొమ్మలా దించుకుంది. కొమ్ము మర్చిపోవడంతో అది ‘వ’ అయింది. నేను దిద్దలేదు.