సిర్పూర్ (యు) దిక్కు చేనులో కరెంటు తీగ లేకుండా చలికాలం: నా అనుభవం

డిసెంబరు, జనవరిలో ఇక్కడ, మా ఆసిఫాబాద్ జిల్లాలో, తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. కొన్ని రోజులు ఐదారు డిగ్రీలకూ పోతుంది. చేనింట్లో సోలార్ పెట్టుకునేవాళ్లు ఎండాకాలం లెక్క వేస్తారు, దెబ్బ తినేది మాత్రం చలికాలంలో. నేను డిసెంబరు లెక్కతోనే మొదలుపెట్టాను.

9 వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలు: 180 వాట్-అవర్లు. 40 వాట్ల టీవీ మూడు గంటలు: 120. ఫోన్లకు 20. అడవిపందులు రాకుండా కంచెకు షాక్ ఇచ్చే ఝట్కా మిషన్‌కు రాత్రంతా 60. మొత్తం 380. కనబడని ఖర్చు ఇన్వర్టర్‌ది. ఏమీ నడవకపోయినా అది 10 వాట్ల దాకా తింటే రోజుకు 240 అవుతుంది. అందుకే బల్బులు, ఝట్కా మిషన్ నేరుగా 12 వోల్టుల మీద పెట్టి, ఇన్వర్టర్‌ను టీవీ చూసేటప్పుడే ఆన్ చేస్తున్నాను. అప్పుడు రోజుకు 410 చాలు.

దీనికి 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, 165 వాట్ల ప్యానెళ్లు రెండు, 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి వీలైనంత కరెంటు రాబట్టి బ్యాటరీకి ఎక్కించే పెట్టె). ప్యానెళ్లను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపాను. పక్కపక్కన (పారలల్‌లో) కలిపితే 18 ఆంపియర్లు వస్తాయి. 6 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగ పది మీటర్లు లాగితే, పోను రాను కలిపి వోల్టు పైనే దారిలో పోతుంది. సిరీస్‌లో 9 ఆంపియర్లే కాబట్టి పోయే వోల్టేజీ సగం, వృథా అయ్యే కరెంటు నాలుగో వంతే. మూడో ప్యానెల్ కలపాలనుకుంటే ముందు కంట్రోలర్ వోల్టేజీ హద్దు చూడాలి. ఒక్కో ప్యానెల్ ఖాళీ వోల్టేజీ (లోడ్ ఏమీ లేనప్పుడు ఉండేది) 22 అనుకుంటే మూడింటికి 66, చలి పొద్దున అది 70కి పోతుంది.

ప్యానెళ్లు దక్షిణానికి, చలికాలంలో 35 డిగ్రీల వాలులో ఉండాలి. ఒకటిన్నర మీటర్ల ప్యానెల్‌కు వెనక అంచు 86 సెంటీమీటర్లు పైకి లేపితే సరి. చోటు ఎంచుకునేది మే నెలలో అయితే మోసపోతాం. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా ఆరు మీటర్ల టేకు చెట్టు నీడ ఐదున్నర మీటర్లు పడుతుంది. పత్తి తీసే రోజుల్లో దుమ్ము, మంచు కలిసి అద్దం మీద గట్టిపడతాయి, పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి.

అసలు చిక్కు బ్యాటరీది. చలికి దాని సత్తువ పదో వంతుకు పైగా పడిపోతుంది, పైగా చార్జింగ్ కూడా మందగిస్తుంది. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు చాలే బ్యాటరీకి, పది డిగ్రీల దగ్గర 14.8 దాకా కావాలి. కంట్రోలర్‌లో ఆ సర్దుబాటు ఉన్నా, ఉష్ణోగ్రత చూసే తీగ కంట్రోలర్ పెట్టెలోనే ఉంటే అది వెచ్చదనాన్ని చూసి తక్కువ వోల్టేజీ ఇస్తుంది. తీగను బ్యాటరీ పక్కకు టేపుతో అంటించాను. బ్యాటరీ ఆమ్లం చిక్కదనం చూసి ఎంత చార్జ్ ఉందో చెప్పే హైడ్రోమీటరూ చలిలో అబద్ధం చెబుతుంది: పది డిగ్రీల దగ్గర ఆమ్లం చిక్కబడి 1.240 చూపినా, 27 డిగ్రీల లెక్కకు అది 1.228 మాత్రమే. డిగ్రీకి 0.0007 చొప్పున తగ్గించుకోవాలి. నిండిందని నమ్మి నెల రోజులు వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. అలా కాకుండా నెలకొకసారి లోడ్ అంతా తీసేసి, కిటికీలు తెరిచి, 15.5 వోల్టుల మీద రెండు గంటలు ఉంచుతాను (మూతలున్న నీళ్ల బ్యాటరీకే ఇది, కంపెనీ కాగితం చూసి చేయాలి). డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ తర్వాతే పోయాలి.

రాత్రి లోడ్ మీద బ్యాటరీ 12 వోల్టులకు దిగితే టీవీ కట్టేయాలి. ఇన్వర్టర్ తనంతట తాను ఆగే 10.5 దాకా పోనివ్వొద్దు.

వేడినీళ్లకు సోలార్ కరెంటు ఆశ వద్దు. 2 కిలోవాట్ల గీజర్ అరగంటకే 1000 వాట్-అవర్లు తినేస్తుంది, అది రెండు రాత్రుల ఖర్చు కంటే ఎక్కువ. కాగు కింద పత్తి కట్టె, కంది కట్టె మండిస్తే సరిపోతుంది, చేను ఊడ్చాక కొదువ ఉండదు. కుంపటి పెట్టి తలుపులు బిగించి పడుకుంటే బొగ్గు విషవాయువుతో ప్రాణం పోతుంది. బ్యాటరీ ఉన్న గదిలో కుంపటి అసలే పెట్టొద్దు, చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ చాలు.