తల వంచుకుని పూసే ఎర్ర గులాబీ

మా మేడ మీద పెద్ద కుండీలో ఉన్న గులాబీ పేరు గ్రుస్ ఆన్ టెప్లిట్జ్. జర్మన్ మాట అది, "టెప్లిట్జ్‌కి నమస్కారాలు" అని అర్థం. పేరు నోరు తిరగదని ఇంట్లో అందరూ ఎర్ర గులాబీ అనేస్తారు గానీ నాకు మాత్రం ఆ పేరంటేనే ఇష్టం, ఎందుకంటే అందులో ఒక మనిషి సొంత ఊరి మీద పెట్టుకున్న మమకారం ఉంది.

ఆయన రుడాల్ఫ్ గెష్విండ్. ఆస్ట్రియా-హంగరీ కాలంలో అటవీ శాఖలో పనిచేశాడు. టెప్లిట్జ్ ఆయన చిన్నతనం గడిచిన ఊరు, వేడినీటి బుగ్గలకి పేరు, ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. ఉద్యోగం మీద ఎక్కడో దూరాన, ఇవాళ స్లొవేకియాలో ఉన్న క్రుపినాలో స్థిరపడి, ఆ చలికీ మంచుకీ తట్టుకునే గులాబీల కోసం ఏళ్ల తరబడి రకాలు కలుపుతూ పోయాడు. వాటిలో ఈ పువ్వుకి చిన్ననాటి ఊరి పేరు పెట్టాడు. 1897లో జర్మనీలోని ట్రియర్‌లో పీటర్ లాంబర్ట్ దీన్ని అమ్మకానికి తెచ్చాడు. గెష్విండ్ 1910లో పోయాక ఆయన మొక్కల్ని మరియా హెన్రియెట్టా ఖోటెక్ అనే దొరసాని కొని తన తోటకి తెప్పించుకుంది.

ఇక రంగు. యూరప్ పాత గులాబీల్లో ఎరుపు అనేది చాలావరకు ఊదాలోకి తిరిగిపోయే ఎరుపు. నిజమైన ముదురు ఎరుపు, దానితో పాటు మళ్లీ మళ్లీ పూసే గుణం, చైనా గులాబీల నుంచి వచ్చాయి. మన పువ్వు పూర్వీకుల్లో గ్లోయిర్ దే రోజొమాన్ అనే 1825 నాటి ఫ్రెంచి రకం ఉంది, చైనా రక్తం కొంత అందులోంచి కూడా దిగింది. అందుకే ఎండకి ఇది వెలిసిపోదు, ఇంకా ముదురుతుంది. ఏప్రిల్లో పొద్దున విచ్చిన పువ్వుని సాయంత్రం చూడండి, తేడా తెలుస్తుంది.

దీనికి ఉన్న చెడ్డపేరు ఏంటంటే, మెడ నిలవదు. కాడ సన్నం, పువ్వు బరువు, గుత్తి మొత్తం కిందికి చూస్తూ ఉంటుంది. రేకులు కూడా తొందరగా రాలతాయి. పోటీల్లో ఒక్క పువ్వుని నిటారు కాడతో సీసాలో నిలబెట్టి మార్కులేసే పద్ధతిలో దీనికి చోటెక్కడుంది? అది పువ్వు తప్పు కాదు, కొలిచే తీరు తప్పు అని నేను గట్టిగా నమ్ముతాను. గడ్డం కింద వేలు పెట్టి పసిపిల్ల మొహం ఎత్తినట్టు ఆ పువ్వుని ఎత్తి చూస్తే, రేకుల మధ్య మఖమల్‌లా మెత్తటి నీడ, లవంగం కలిసినట్టు ఘాటైన వాసన. చిగుళ్లైతే లేత మామిడాకుల రంగులో, పువ్వు లేని రోజు కూడా కంటికి నిండుగా ఉంటాయి.

మన దేశంలో దీని విలువ ఎప్పుడో కనిపెట్టారు. ఉత్తరాదిలో విడి పూల కోసం పెంచే పాత రకాల్లో ఇదొకటి, పాకిస్తాన్ పంజాబులో సుర్ఖా అంటారు. దండలో గుచ్చే పువ్వుకి, దేవుడి ముందు చల్లే రేకులకి కాడ నిటారుగా ఉంటే ఎంత, లేకుంటే ఎంత! ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య కూడా దీన్ని తన పాత గులాబీల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది, ఆ సంగతి చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

పెంచాలనుకుంటే ఒకటే మాట, మరీ పొట్టిగా కత్తిరించకండి, దీన్ని పొదలా వదిలేస్తేనే అందం. మంచు రోజుల్లో ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది, గాలి ఆడేలా ఉంచాలి. కొమ్మ గుచ్చినా బతుకుతుంది. డిసెంబరులో నేను పెట్టిన నాలుగు కొమ్మల్లో రెండు చిగురేశాయి, ఒకటి మా పిన్నికి ఇస్తానని ముందే చెప్పేశాను.