ఏట్రింత వేషంలో తిరిగే కోకిల

అడవిలో నల్లగా నిగనిగలాడే పిట్ట, చివర చీలిన తోక. చూడగానే చూసిన పిట్టల చిట్టాలో ఏట్రింత (డ్రాంగో) అని రాసేసుకుంటాం. అలా రాసుకున్నవాటిలో డ్రాంగో కుకూలు కూడా ఉంటాయి. ఇది కోకిల కుటుంబంలోదే, పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దక్షిణాది కొండ అడవుల్లోనూ హిమాలయాల్లోనూ ఉండేది చీలుతోక రకం, శాస్త్రీయ నామం సర్నిక్యులస్ డిక్రురాయిడిస్. 1839లోనే పక్షిశాస్త్రవేత్త హాడ్జ్‌సన్ వర్ణించినా, చాలాకాలం దీన్ని ఆగ్నేయాసియా రకంతో కలిపి ఒకే జాతిగా లెక్కించారు.

తోక చూసి తేల్చేద్దామనుకుంటే మోసపోతాం. ఏట్రింత తోక బాగా లోతుగా చీలి ఉంటుంది, దీనిది అంత లోతుగా ఉండదు. కానీ ఈకలు రాల్చే రోజుల్లో ఏట్రింత తోకా మొండిగానే కనిపిస్తుంది. పైగా అడవిలో ఉండే చిన్న కంచురంగు ఏట్రింతది సుమారుగా ఇదే సైజు. అందుకే ముందు ముక్కు చూడాలి. ఏట్రింత ముక్కు దిట్టం, కొన కొక్కెంలా ఉంటుంది, మొదట్లో మీసాల్లాంటి బిరుసు వెంట్రుకలుంటాయి. కుకూ ముక్కు సన్నగా, కాస్త కిందికి వంగి ఉంటుంది, మీసాలు ఉండవు. ఆ తర్వాత తోక అడుగు. అక్కడ సన్నటి తెల్ల అడ్డచారలుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఆకాశం వెనకుంటే చారలు నలుపులో కలిసిపోతాయి, ఫొటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. మెడ వెనక తెల్లమచ్చ ఉంటుందంటారు గానీ ఈకల కింద దాగిపోతుంది, అది కనపడలేదని కొట్టిపారేయొద్దు. కాళ్లు దొరికితే అదృష్టమే: కుకూకి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి. ఏట్రింతకు ముందు మూడు, వెనక ఒకటి.

మేత తీరు కూడా వేరే. ఏట్రింత కొమ్మ మీంచి ఎగిరి గాల్లో పురుగును పట్టి తిరిగొస్తుంది. ఇదేమో ఎక్కువగా ఆకుల మధ్య మెల్లగా కదులుతూ గొంగళిపురుగులు ఏరుకుంటుంది, పళ్లూ తింటుంది.

అసలు ఇది చాలాసార్లు కూతతోనే దొరుకుతుంది. పిప్, పిప్, పిప్ అంటూ ఐదారు ఈలలు, ఒక్కొక్కటీ ముందుదానికంటే మెట్టు పైకి, ఉన్నట్టుండి ఆగిపోతాయి. కోకిల కుటుంబంలోనే ఉన్న మరో పిట్ట హాక్ కుకూ కూతా పైకే పోతుంది, కానీ అందులో ఒక పదం లాంటి ముక్క మళ్లీమళ్లీ వస్తుంది. ఇందులో విడివిడి స్వరాలే.

గుడ్లు బాబ్లర్లనే చిన్న పిట్టల గూళ్లలో పెడుతుంది. ఈ వేషం అందుకే పనికొస్తుందేమోనన్నది ఊహే, ఇంకా రుజువు కాలేదు. తొలకరి తర్వాత పొదల్లో బాబ్లర్లు తమకంటే పెద్దదైన, తెల్లచుక్కల నల్లపిల్లకు మేత పెడుతుంటే అది ఏట్రింత పిల్ల కాదు. ఏట్రింతలు తమ పిల్లల్ని తామే పెంచుకుంటాయి.