అమ్మమ్మకో చుట్టల పెట్టె

అమెరికాలో సిగార్ దుకాణాల్లో ఖాళీ చెక్కపెట్టెలు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. కొన్నిచోట్ల ఊరికే ఇచ్చేస్తారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో పిల్లలు చేత్తో చేసి ఇవ్వడానికి ఇది చక్కటి వస్తువు. తెలుగు బడి హోంవర్కు టీచరు చూసి టిక్కు పెట్టేదాకే. పెట్టె మీద రాసిన పేరు మాత్రం ఏళ్ల తరబడి చదివేవాళ్లుంటారు. ఆ సంగతి పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. అందుకే ఈ పనిలో రంగుల కంటే అక్షరాలకే ఎక్కువ సమయం ఇవ్వాలంటాం.

దుకాణానికి పెద్దవాళ్లే వెళ్లండి. 2019 డిసెంబరు నుంచి అమెరికా అంతటా పొగాకు అమ్మకానికి కనీస వయసు 21. పెట్టె కొనేముందు మూత అంచు చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు దాకా సాగితే అది అచ్చమైన చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. కాగితం చుట్టినవి కూడా ఉంటాయి, వాటి మీద తడి పనికిరాదు, మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి పోవద్దు. మంచి పెట్టెలు ఎక్కువగా 'స్పానిష్ సెడార్'తో చేస్తారు. పేరు సెడారే కానీ నిజానికి అది దేవదారు జాతి కాదు, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. పిల్లలకి ఈ మాట చెప్పి చెక్క వాసన చూడమనండి.

కాగితపు లేబుళ్ల మీద వేడినీళ్లలో పిండిన గుడ్డ పది నిమిషాలు ఉంచి, ప్లాస్టిక్ చాకుతో గీకితే వస్తాయి. నీళ్లు పోసి నానబెడితే మాత్రం ప్లైవుడ్ పై పొర లేచిపోతుంది. కాల్చి ముద్రించిన గుర్తులు శాండ్‌పేపర్‌కి పోవు, పోగొట్టాలని చూస్తే అక్కడ గుంట పడుతుంది. వాటి మీద గుడ్డ అతికించడమో ముగ్గు వేయడమో మేలు. లోపలి పొగాకు పొడిని పొడి బ్రష్‌తో దులిపి, గిన్నెలో వంటసోడా పెట్టి మూడు నాలుగు రోజులు మూసి ఉంచండి. 120 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 220తో ముగించండి, ఎప్పుడూ గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీరలు రంగు వేశాక బయటపడతాయి. ఈ చెక్క పొడి ముక్కుకీ గొంతుకీ పడదు. కాబట్టి రుద్దే పని మాస్కు పెట్టుకుని, ఆరుబయట, పెద్దవాళ్లే చేయాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. స్పానిష్ సెడార్‌లో జిగురు నూనె ఉంటుంది. నేరుగా రంగు వేస్తే కొన్ని వారాలకి పసుపు మరకలై పైకి ఊరుతుంది. అందుకని ముందు చెక్కని ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, మైనం తీసిన షెల్లాక్ రెండు పూతలు వేయాలి, పూతకీ పూతకీ మధ్య గంట ఆగాలి. మైనం ఉన్న రకం వాడితే పైన వేసే నీటి వార్నిష్ పట్టదు. షెల్లాక్ అంటే మన లక్కే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకి పూసేదీ లక్కే. ఆ బొమ్మ ఇంట్లో ఉంటే పక్కన పెట్టి చూపించండి.

లోపల షెల్లాక్ వద్దు, చెక్క వాసన ఉండనివ్వండి. అడుగున మాత్రం అట్టకి చుట్టిన పాత నేత చీర ముక్క వేస్తే బాగుంటుంది. అట్టని నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరించండి, గుడ్డ మందం కలిశాక సరిగ్గా కూర్చుంటుంది. పల్చటి గుడ్డకి జిగురు రాస్తే పైకి మరక పడుతుంది. అట్ట వెనక రెండువైపులా అంటుకునే టేపు వాడండి.

ఇక మూత. 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్న మూతకి 7 నుంచి 4 వరకు సందు చుక్కల ముగ్గు సరిపోతుంది. చుక్కకీ చుక్కకీ, వరసకీ వరసకీ 2 సెంటీమీటర్లు వదిలితే ముగ్గు 12 సెంటీమీటర్లలో ఇముడుతుంది. పేరు ముందువైపు పలక మీద రాయించండి. అక్షరం ఎత్తు 3 సెంటీమీటర్లకి తగ్గితే 'మ' లోపలి ఖాళీ రంగుతో పూడుకుపోతుంది. ఒత్తుకి కింద ఇంకో 2 సెంటీమీటర్లు వదలండి. పిల్లలు ఈ చోటు మరిచిపోయి ఒత్తుని అంచు మీదికి తోసేస్తారు. పలక అంత ఎత్తు లేకపోతే పేరు మూత మీద రాసి, ముగ్గు పక్కలకి మార్చండి.

కంప్యూటర్‌లో అచ్చు తీసి దిద్దించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. తెలుగు సరిగా రాని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో 'అమ్మ' విడిపోయి 'అమ్‌మ' అవుతుంది. తెలుగు చదవలేని పిల్లలు దాన్నే శ్రద్ధగా దిద్దేస్తారు. చేత్తో రాసేటప్పుడు వచ్చే తప్పు వేరు: 'అమ్మమ్మ'లో మకారపు ఒత్తుకి బదులు చిన్న 'మ', 'తాతయ్య'లో యకారపు ఒత్తుకి బదులు చిన్న 'య' పెడతారు. ముందు పదిసార్లు కాగితం మీద రాయించి, వాటిలో పిల్లలకే నచ్చిన దాన్ని ఎంచుకోనివ్వండి. అక్షరం వంకరగా ఉన్నా మార్చొద్దు, ఒత్తు తప్పైతే మాత్రం రంగు పడకముందే దిద్దించండి. కాగితం వెనక పెన్సిల్ రుద్ది, ముందు నుంచి గీస్తే చెక్క మీదికి దిగుతుంది. 1 నంబరు బ్రష్, యాక్రిలిక్ రంగు, రెండు పల్చటి పూతలు. ఆపైన ఒక రోజు ఆరనివ్వాలి.

పైపూతకి నీటి పాలీయురిథేన్ వార్నిష్ మూడు పూతలు వేయండి. చేతిపనుల్లో వాడే తెల్లటి జిగురు వార్నిష్ ఉక్కపోతకి జిగటగా మారుతుంది. విజయవాడ వేసవిలో మూత అంటుకుపోతే పెద్దవాళ్లు తెరవలేక అవస్థ పడతారు. ఏ పూత వేసినా మూత అంచులూ, పెట్టె పెదవులూ ఖాళీగా ఉంచండి. ఇక్కడి చలికాలపు హీటర్లకి ఎండిన చెక్క అక్కడి వానాకాలంలో ఉబ్బుతుంది. మూత మూసినప్పుడు చుట్టూ ఒక పోస్టుకార్డు దూరాలి, దూరకపోతే అంచు కాస్త అరగదీయండి. మడతబందుల మేకులు లోపలికి పొడుచుకొచ్చాయేమో వేలితో తడిమి చూడండి.

మొత్తం పని రెండు వారాంతాలు పడుతుంది. తరవాత మూత తెరిచి రెండు వారాలు ఆరబెట్టాలి, కాబట్టి ప్రయాణానికి నెల ముందే మొదలుపెట్టండి. లోపల పన్నెండు చీటీలు, నెలకొకటి విప్పి చదివేలా, ఒక్కో వాక్యం తెలుగులో రాసి పెట్టించండి. సూట్‌కేసులో చీర మడతల మధ్య సర్దండి. గుడ్డ అట్ట దించేముందు పెట్టె అడుగున పెన్సిల్‌తో పేరు, వయసు, తేదీ పిల్లల చేతే రాయించండి. ఆ మాట అమ్మమ్మకి ముందే చెప్పొద్దు.