చిన్నాయన దొరికాడు, కేసు మాత్రం తెరిచే ఉంది

మా చిన్నాయన మొన్న ఇంటికి చేరాడు. మనిషి తప్పిపోయిన ఇళ్ళు మన వైపు ఇంకా చాలానే ఉన్నాయి, అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది కందుకూరు వైపు పల్లె. చిన్నాయన పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట కాసేవాడు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బని ఒంగోలులో డాక్టరు మాత్రలు రాశారు. బాగానే ఉన్నాగా అని మానేశాడు, ఓ పొద్దున కనపడలేదు. సింగరాయకొండ రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద కూర్చోనుంటే చూశానని మా ఊరి ఆటో అబ్బాయి చెప్పాడు. ఆ మాటే మా కొంప ముంచింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది, సింగరాయకొండ ప్రకాశంలోనే ఉండిపోయింది. మా పోలీస్ స్టేషన్లో రైటరు, "ఆఖరున కనపడింది ప్రకాశంలో, అక్కడికి పోండి" అన్నాడు. అక్కడికి పోతే, "ఇల్లు నెల్లూరు జిల్లాలో కదా, కేసు అక్కడే కట్టాలి" అన్నారు. రైల్వే పోలీసులేమో, "బండెక్కడం ఎవరన్నా చూశారా? ప్లాట్‌ఫాం మీద కూర్చున్నోళ్ళంతా ప్రయాణికులేనా?" అని ఎదురడిగారు. మళ్ళీ మా స్టేషనుకే. ఏ స్టేషనో రాయను, రేపు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు వాళ్ళ ముందే నిలబడాలి.

ఈసారి రైటరు పిన్నమ్మను నిలబెట్టి మొదలెట్టాడు. "ఎవురితోనన్నా సంబంధం ఉందా? అప్పులేమన్నా చేశాడా? భారమని మీరే రైలెక్కించి రాలేదు గదా?" బల్ల చుట్టూ వేరే పంచాయితీకొచ్చిన మగాళ్ళు. గుర్తులు చెప్పమన్నాడు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అంది పిన్నమ్మ. "ఒకటి చాలదు, రెండు రాయాలి. బట్టల్లోపల యాడన్నా ఉందా? నీకు తెలవకుండా ఉంటదా?" ఎవడో కిసుక్కున నవ్వాడు. పిన్నమ్మ తలెత్తకుండా, "వీపు మీద బ్యారన్ గొట్టం కాలిన మచ్చుంది" అంది. తర్వాత ఫొటో అందుకుని, "ఇదేందబ్బయ్యా, ఈ చెయ్యి ఎవరిది?" అన్నాడు. చిన్నాయనకు విడిగా ఫొటో లేదు. ఓ పెళ్ళి ఫొటోలోంచి కత్తిరిస్తే ఆయన భుజం మీద గాజుల చెయ్యి మిగిలిపోయింది. అది పిన్నమ్మ చెయ్యే. ఆ సంగతి కూడా అందరి ముందూ చెప్పించుకున్నాడు.

అప్పుడు నేను గొంతు పెంచా. సీఆర్‌పీసీ బదులొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్ చూడండి, పరిధి ఎవరిదైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టి మీరే పంపించుకోండి, కట్టం అంటారా, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుంటాను అన్నా. సెక్షన్ నంబరుకు ఎవరూ బెదరలేదు. 'రాసివ్వండి' అన్నదానికి మాత్రం కుర్చీ వేశారు. మా వాళ్ళలో ఇలా మాట్లాడగలిగింది నేనొక్కడినే, చెప్పుకుంటే తప్పేం లేదు. మ్యాన్ మిస్సింగ్ కేసు కట్టారు. ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇవ్వాలి, జిరాక్సుకని అడిగినా రూపాయి తీయకండి. ఈలోపు ప్లాట్‌ఫాం కెమెరాల్లో రికార్డయిందంతా చెరిగిపోయింది.

కొందరు రెడ్‌క్రాస్ దగ్గరికి పొమ్మన్నారు. విడిపోయిన కుటుంబాలను కలపడం వాళ్ళకు 1870లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం నాటి నుంచీ ఉన్న పని. అయితే అది యుద్ధాలు, విపత్తులు, వలసల్లో విడిపోయినవాళ్ళ కోసం. గల్ఫ్‌కు పోయి ఆచూకీ లేనివాళ్ళుంటే అక్కడ అడగండి. మా దారి వేరే.

చిన్నాయన ముంబై అవతల ఒక ఆశ్రమంలో తేలాడు. రోడ్డు మీద తిరిగే మతిస్థిమితం లేనివాళ్ళను చేరదీసి, వైద్యం చేసి, ఇంటికి చేర్చేవాళ్ళు వాళ్ళు. ఆ వైపు భరత్ వాట్వానీ అనే డాక్టరు 1988 నుంచీ ఇదే చేస్తున్నారు, 2018లో ఆయనకు మెగసెసే అవార్డు కూడా వచ్చింది. మందులు పడ్డాక చిన్నాయన కందుకూరు, ప్రకాశం జిల్లా అన్నాడట. వాళ్ళు వెతికితే తెలంగాణలో రంగారెడ్డి జిల్లా కందుకూరు తగిలింది. అక్కడికి ఫోన్లు చేస్తే ఈ మనిషిని ఎరిగినవాళ్ళే లేరు. మన కందుకూరేమో నెల్లూరు జిల్లా అని చూపించె. ఆశ్రమంలో ఈ వెతుకులాట చూసే మరాఠీ అమ్మాయి వదల్లేదు. తెలుగొచ్చిన వంటామెను పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఊళ్ళో వాళ్ళు ఏ గుడికి పోతారని అడిగింది. "మలకొండ. శనివారం తప్ప తలుపు తీయరు" అన్నాడు చిన్నాయన. శనివారమొక్కటే తెరిచే నరసింహస్వామి గుడి వెతికితే వలేటివారిపాలెం మండలం చూపించింది. కొండ కింద కొబ్బరికాయల కొట్టాయన నంబరు పట్టి ఫొటో పంపింది. సాయంత్రానికి అది మా ఊరి వాట్సాప్‌లో ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? దిక్కులేక తిరిగే మానసిక రోగి కనపడితే పోలీసులే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కట్టి, కుటుంబాన్ని వెతకాలి. సింగరాయకొండ నుంచి ముంబై దాకా ఎన్ని స్టేషన్లు దాటి ఉంటాడు! జీతాలు తీసుకునేవాళ్ళు ఎవరూ అడగని ప్రశ్న ఆ పిల్ల అడిగింది.

మిగతాదంతా తేలికే. ఆధార్, రేషన్ కార్డు, ఎఫ్ఐఆర్ కాపీ వాట్సాప్‌లో పంపాం, వాళ్ళ మనిషే రైల్లో తెచ్చి దింపాడు. మాత్రలు ఇప్పుడు పిన్నమ్మ ఎదురుగా నిలబడి మింగిస్తోంది. రాత్రివేళ ఇబ్బందైతే మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక కేసు మూయాలి. మనిషిని తెచ్చి చూపించి సంతకం పెట్టించమంటున్నాడు అదే రైటరు. పిన్నమ్మ ఆ గడప తొక్కనంది, చిన్నాయన్ని పంపే ప్రశ్నే లేదంది. ఇంటికొచ్చి వాంగ్మూలం రాసుకోమన్నా. సోమవారం చూస్తాలే అన్నాడు. రాకపోతే ఎస్పీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు ఎటూ ఉండనే ఉంది.